అలారానికి తొడిగిన టోపీ

తేజేశ్వర్ ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. లోపల వ్రతమైనా, పుట్టినరోజైనా గుమ్మంలో చెప్పులూ బూట్లూ కుప్పపోసి ఉండేవి. షాంటిలీలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ అంతే. అందరూ ఆ కుప్పమీదుగా కాలెత్తి వేసి లోపలికి పోయేవారు. తేజేశ్వర్ మాత్రం వంగి, అటు కొన్ని, ఇటు కొన్ని గోడవారగా జరిపి, మధ్యలో మనిషి పరిగెత్తేంత దారి చేసి, అప్పుడు లోపల అడుగుపెట్టేవాడు. పద్మజ స్వీట్ల డబ్బా పట్టుకుని ఆ పని అయ్యేదాకా వెనకాల నిలబడేది.

"తేజేశ్వర్ గారొచ్చారు. ఇక మన ప్రాణాలకు ఢోకా లేదు" అనేవారు లోపలనుంచి.

"నవ్వండి నవ్వండి. పొగలో కళ్ళు కనపడక మీ అబ్బాయి బాస్కెట్‌బాల్ బూటు తట్టుకుని పడ్డప్పుడు నన్ను తలుచుకుంటారు" అనేవాడతను, నవ్వుతూనే.

కాపురానికి వచ్చిన కొత్తలో పద్మజకు తల కొట్టేసినట్టుండేది. పోనుపోను అలవాటైపోయింది. చీరాలనుంచి వచ్చిన ఆ మనిషి చేసే ఉద్యోగమే అలాంటిది. ఆఫీసులో ఒకరు ప్రోగ్రాము రాస్తారు, అది ఎలా పనిచేస్తుందో చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. అది ఎక్కడ చెడుతుందో వెతికి పట్టుకోవడం తేజేశ్వర్ పని. పాతికేళ్ళు అదే చూపుతో చూసి చూసి, ఇల్లూ ఊరూ కూడా అతనికి అలాగే కనపడేవి. హోటల్లో గది తీసుకుంటే సామాను లోపల పెట్టకముందే వరండా చివరిదాకా నడిచి మెట్లు ఎక్కడున్నాయో చూసి వచ్చేవాడు. "కుడివైపు, ఐసు మెషీను దాటాక" అని చెప్పేవాడు. ఆ కాసేపట్లో పద్మజ చేసే పని ఒకటుండేది. బాత్‌రూములోకి వెళ్ళి, తల తడవకుండా పెట్టుకోమని హోటలువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ షవర్ క్యాపులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేది.

ఆ టోపీలు ఆమె తలకోసం కాదు. వాళ్ళింట్లో వంటగదికీ హాలుకీ మధ్య పైకప్పుకు స్మోక్ అలారం ఉంది. మరిగే నూనెలో ఆవాలూ ఎండుమిరపకాయలూ పడ్డాయంటే చాలు, చెవులు చిల్లులు పడేలా అరిచేది. "తువ్వాలుతో విసురు, కిటికీ తియ్యి. దాని నోరు మాత్రం మూయొద్దు" అనేవాడు తేజేశ్వర్. బయట మంచు పడుతున్నప్పుడు కిటికీ ఎవరు తీస్తారు? అందుకని అతను ఇంట్లో లేనప్పుడు పద్మజ స్టూలెక్కి అలారానికి ఒక టోపీ తొడిగేది. తాలింపు వేసుకునేది. సాయంత్రం గరాజ్ తలుపు గడగడమంటూ పైకి లేచిన మోత వినపడగానే మళ్ళీ స్టూలెక్కి టోపీ లాగేసి పొయ్యి పక్క సొరుగులో పడేసేది. ఇరవై ఏళ్ళు ఇలాగే గడిచాయి. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఆ మోత మరిచిపోనిచ్చేది కాదు.

కొడుకు కౌస్తుభ్ రెండు గంటల దూరంలోని యూనివర్సిటీలో చేరి, రెండో ఏడు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటూ ఫ్రటర్నిటీలో చేరానని చెప్పాడు. కాలేజీ కుర్రాళ్ళు ఒకరికొకరు అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకుని ఒకే ఇంట్లో కలిసుండే సంఘం అది. తేజేశ్వర్ ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"మాది అలాంటి ఫ్రాట్ కాదు నాన్నా. అంతా దేశీ పిల్లలే. గర్బా ఆర్గనైజ్ చేస్తాం, దివాలీకి ఫండ్‌రైజర్ చేస్తాం."

"గర్బా అయ్యాక ఏం చేస్తారు?"

కౌస్తుభ్ తల్లివైపు చూశాడు. "అమ్మా, నన్ను టెస్ట్ చేస్తున్నాడు."

"జీతం తీసుకునేది అందుకేగదరా" అంది పద్మజ.

ఆ వారమంతా తేజేశ్వర్ ఆ ఫ్రటర్నిటీ ఇన్సూరెన్సు కాగితాలు తెప్పించుకుని చదివాడు. చదివి భార్యకు చెప్పాడు. పిల్లలు రూలు ప్రకారం నడిచినంతకాలం కంపెనీ వెనక ఉంటుంది. రూలు తప్పి తాగించినా, కొత్తగా చేరినవాణ్ణి ఏడిపించినా, ఎవరికైనా ఏమైనా అయితే కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. అప్పుడు దెబ్బ తగిలినవాళ్ళు కుర్రాళ్ళమీద ఒక్కొక్కరిమీదా కేసు వేస్తారు. కుర్రాళ్ళ దగ్గర ఏముంటుంది? అమ్మానాన్నల ఇంటి ఇన్సూరెన్సుదాకా వస్తారు.

"అయితే మాన్పించేద్దామా?" అంది పద్మజ.

"మానడు. మానమంటే మనకు తెలియకుండా ఉంటాడు. అదింకా ప్రమాదం."

పేరెంట్స్ మీటింగులో ఇవే ప్రశ్నలు అడిగితే, సమాధానం చెప్పలేక ఆ పిల్లలు అతన్నే సేఫ్టీ అడ్వైజర్‌గా ఉండమన్నారు. అది జీతం లేని పని. నెలకోసారి శనివారం కారు వేసుకుని వెళ్ళేవాడు. కుర్రాళ్ళు బేస్‌మెంటులో నేలమీద పిజ్జా పెట్టెల మధ్య కూర్చునేవారు. "ఈ వీకెండ్ ఏది చెడుతుంది?" అని ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు.

"నథింగ్, అంకుల్."

"అంటే నువ్వింకా ఆలోచించలేదన్నమాట. నెక్స్ట్."

వెనకాల చెక్క డెక్ మీద ఎంతమంది నిలబడొచ్చో, పార్టీ రోజున తాగకుండా ఉండేవాళ్ళెవరో, నిప్పంటుకుంటే రోడ్డవతల మెయిల్‌బాక్స్ దగ్గర చేరి ఎవడి రూమ్మేట్ పేరు వాడు ఎలా చెప్పాలో, అన్నీ చేయించి చూసేవాడు. "ఎవడైనా తాగి పలక్కపోతే నాకు ఫోన్ చేయకండి. నేను షాంటిలీలో ఉంటాను. నైన్ వన్ వన్ అంబులెన్సు మీకు దగ్గర" అనేవాడు. చివర్న ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "జరిగినదానికి ఇన్సూరెన్సు ఉంటుంది. దాచినదానికి ఉండదు." కుర్రాళ్ళు ఆ మాటను అతని గొంతుతో అనుకరించి నవ్వుకునేవారు. రిస్క్ అంకుల్ అని పేరు పెట్టారు. కౌస్తుభ్ చదువైపోయి శాంటా క్లారాలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. తండ్రి మాత్రం ఫ్రటర్నిటీలోనే ఉండిపోయాడు.

ఆ తరవాతి ఏడు ఆగస్టులో పిల్లలు కొత్త ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కొత్తదంటే వాళ్ళకు కొత్త. కట్టి వందేళ్ళైన రెండంతస్తుల చెక్క ఇల్లు. తల్లులు కొందరు కూడబలుక్కుని పాలు పొంగించడానికి వచ్చారు. పద్మజే పెద్దది కాబట్టి ఆమె చేతే పొంగించారు. పాలు గిన్నె అంచు దాటి పొయ్యిమీద పడుతుంటే ఇరవైమంది కుర్రాళ్ళు ఫోన్లలో తీసుకున్నారు. తేజేశ్వర్ అలారాలన్నిటికీ కొత్త బ్యాటరీలు వేసి, ఇంటి ఓనరుకు వెనక మెట్లు చూపించడానికి వెళ్ళాడు.

పద్మజ సాంబారుకు తాలింపు పెట్టింది. మెట్ల మొదట్లో ఉన్న అలారం అందుకుంది. కుర్రాళ్ళు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. ఆమె చెయ్యి తనంతట తనే హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. కుర్చీ లాక్కుంది. ఆర్యన్ వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. న్యూజెర్సీ పిల్లాడు, డాక్టరు కావాలని చదువుతున్నాడు, ఆ ఏడు ఫ్రటర్నిటీ రిస్క్ మేనేజర్ వాడే. అంటే కుర్రాళ్ళలో తేజేశ్వర్‌కు కుడిభుజం.

"ఆంటీ, ఇట్లా చేయొచ్చా?"

"ఐదు నిమిషాలు నాన్నా. మీ అంకుల్‌తో చెప్పకు."

"చెప్పను" అని నవ్వాడు ఆర్యన్.

తరవాత పెరట్లో వడ్డనలు, ఫోటోలు, గిన్నెలు తోమడం, ఎవరి మూతలు వాళ్ళు వెతుక్కోవడం. ఆ ఇంటికి గరాజ్ లేదు.

సెప్టెంబరులో, ఆ నెల తేజేశ్వర్ ఇంకా రాకముందే, ఒక శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆట ఉంది. కుర్రాళ్ళు టీవీని పెరట్లోకి తెచ్చుకుని చూస్తున్నారు. ఒకడు సమోసాలు వేయించడానికి మూకుడులో నూనె పోసి పొయ్యిమీద పెట్టి, పెరట్లో కేకలు విని ఒక్క నిమిషమని బయటికి వెళ్ళాడు. నూనె అంటుకుంది, కిటికీ తెర అంటుకుంది. కిటికీలోంచి పొగ బయటికి వచ్చాకగానీ ఎవరూ చూడలేదు. చూశాక మాత్రం అందరూ రోడ్డవతలికి పరిగెత్తి మెయిల్‌బాక్స్ దగ్గర చేరి రూమ్మేట్ల పేర్లు చెప్పారు. మానవ్ లేడు. కొత్తగా చేరినవాడు, జ్వరమొచ్చి వంటగది పై గదిలో మందు వేసుకుని పడుకున్నాడు. ఆర్యన్, ఇంకొకడు వెనక మెట్లమీదుగా వెళ్ళి వాణ్ణి మోసుకొచ్చారు. పై అంతస్తు అలారం అప్పుడే మొదలైంది. కింది అలారం కూయనే లేదు. మంటలార్పే ఆయన దాన్ని కిందికి దించి తెచ్చాడు. దానికి సగం కరిగిన ప్లాస్టిక్ టోపీ అతుక్కుని ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు ఆర్యన్.

భార్యాభర్తలిద్దరూ సాయంత్రానికల్లా హాస్పిటల్‌కు చేరారు. మానవ్ ఊపిరితిత్తుల్లో పొగ చేరింది, రెండు మూడు రోజులుంచాలి, ప్రాణానికి భయం లేదన్నారు. అద్దం వెనక వాడి ముక్కుమీద మాస్కు, పక్కన కూర్చున్న తల్లి వీపు కనపడుతున్నాయి. వరండాలో ఆర్యన్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. మసి ఇంకా చేతులకే ఉంది.

తేజేశ్వర్ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు. "నువ్వు రిస్క్ మేనేజర్‌వి. నువ్వు అలారానికి టోపీ పెడతావా? రెండేళ్ళు నేనేం చెప్పానురా మీకు?"

"సారీ అంకుల్."

"ఎందుకు పెట్టావు?"

"సారీ అంకుల్."

వాడు నేలవైపు చూస్తున్నాడు. వాడు తల కొంచెం ఎత్తి తేజేశ్వర్ చొక్కా గుండీలవైపు చూశాడు. గోడమీది గడియారంవైపు చూశాడు. పద్మజవైపు మాత్రం చూడలేదు. పక్కన నిలబడ్డ మనిషివైపు అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం చూసేసరికి ఆమెకు అర్థమైంది. తను తొడిగిన ఆ టోపీ ఆగస్టునుంచి అక్కడే ఉంది.

తిరుగుదారిలో తేజేశ్వర్ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెబుతూ వచ్చాడు. అలారం మూసిపెట్టడం యూనివర్సిటీలో చాలా పెద్ద తప్పు. విచారణ జరిపి ఒక ఏడాది బయటికి పంపేస్తారు. మెడికల్ కాలేజీలకు ఇప్పుడే అప్లై చేశాడు, ఈ రికార్డు అన్నిటికీ వెళుతుంది. "మంచి పిల్లాడు. అయిపోయాడు."

"ఏవండీ, కారు ఆపండి."

అతను పెట్రోలు పోసుకునే గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి ఆపాడు. ఇంకా వెలుతురు ఉంది.

"ఆ టోపీ నేను పెట్టాను. పాలు పొంగించిన రోజు, సాంబారు తాలింపు పెట్టేటప్పుడు. వాడు కుర్చీ పట్టుకున్నాడు. మీతో చెప్పొద్దని నేనే అన్నాను."

"తీయలేదా?"

"గరాజ్ తలుపు మోత వినపడలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆమె మొదటినుంచీ చెప్పుకొచ్చింది, హోటళ్ళూ, హ్యాండ్‌బ్యాగూ, సొరుగూ, స్టూలూ. తేజేశ్వర్ స్టీరింగుమీద చేతులు తీయకుండా విన్నాడు.

"ఇరవై ఏళ్ళనుంచా?"

"మీరు ఇంట్లో లేనప్పుడే."

అతను దిగాడు. అక్కడ బకెట్లో ఉన్న బ్రష్షు తీసుకుని ముందు అద్దం తుడిచాడు. వెనక అద్దం తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న పక్క అద్దాలు కూడా తుడిచాడు. వచ్చి కూర్చున్నాక అన్నాడు: "నేను పెట్టానని చెబుతాను."

"మీరెందుకు?"

"అడ్వైజర్‌ని నేను. ఎటూ నామీదికే వస్తుంది. ఆ విచారణలో అడ్డదిడ్డంగా అడుగుతారు పద్మా, నువ్వు పడలేవు."

"వాడు నాకోసం అబద్ధం చెప్పాడు. ఇప్పుడు మీరూ చెబుతారు. దాచినదానికి ఇన్సూరెన్సు లేదని ఊరంతా చెప్పేదెవరు?"

తేజేశ్వర్ కారు స్టార్ట్ చేసి రోడ్డెక్కించాడు.

మర్నాడు స్నేహితుల కూతురు తారకు ఫోన్ చేశారు. జెర్సీ సిటీలో లాయరు. అంతా విని ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "ఆంటీ, మీ లాయర్‌గా చెప్పమంటే, ఏమీ చెప్పకండి. ఎవరూ మిమ్మల్ని అడగలేదు. మానవ్ పేరెంట్స్ కేసు వేస్తే మీ హోమ్ ఇన్సూరెన్స్ దాకా వస్తుంది. అంకుల్ అడ్వైజర్ కాబట్టి ఇంకా కాంప్లికేట్ అవుతుంది."

"మరి ఆ పిల్లాడు?"

"తన చాయిస్ కదా, ఆంటీ."

"వాడి చాయిస్ కాదమ్మా. మీ అంకుల్‌తో చెప్పకు అన్నాను. పెద్దవాళ్ళు అలా అంటే మన పిల్లలు చచ్చినా చెప్పరు. నువ్వు చెబుతావా?"

"చెప్పను" అంది తార.

విచారణ బుధవారం. పద్మజ సోమవారమే పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ పనికి సెలవు పెట్టి, తనే కారు నడుపుకుంటూ హాస్పిటల్‌కు వెళ్ళింది. తేజేశ్వర్ వస్తానన్నాడు, వద్దంది. మానవ్ తల్లి రష్మి కింద కాఫీ మెషీను దగ్గర కనపడింది. పాలు పొంగించిన రోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. పద్మజ నిలబడే చెప్పింది. పొడుగ్గా చెప్పడానికి అందులో ఏమీ లేదు.

రష్మి చేతిలోని కప్పు మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. తరవాత ఫోన్ తీసి భర్తకు చేసింది. "ఏమండీ, కిచెన్ల అలారంకు నేను పెట్టిన కవర్ ఉన్నది చూడుండ్రి. తీసేయుండ్రి. ఇప్పుడే. నేను లైన్ల ఉంట." అవతల కుర్చీ లాగిన చప్పుడు పద్మజకు కూడా వినపడింది. తీశానని చెప్పేదాకా రష్మి ఫోన్ పెట్టలేదు.

"మా ఇంట్ల గూడ అదే కథ, పద్మజ గారూ. పోపు పెట్టినప్పుడల్లా." తరవాత ఆమె ముఖం తిప్పుకుంది. "అట్లని నాకు మీ మీద కోపం పోయిందనుకోకుండ్రి. నా కొడుకు పండుకున్నడు ఆ ఇంట్ల."

"పోనక్కర్లేదమ్మా" అంది పద్మజ.

బుధవారం యూనివర్సిటీలో చిన్న గది, పొడుగు బల్ల. విచారణ చేసే ఆవిడ నడివయసు మనిషి, కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని ఉంది. ఆర్యన్ బల్ల చివర టై కట్టుకుని కూర్చున్నాడు. పద్మజ గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు, ఏం జరగబోతోందో తెలిసి ముఖం మాడ్చుకున్నాడు.

"టోపీ పెట్టింది నేను" అంది పద్మజ ఇంగ్లీషులో.

ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "ఈ అబ్బాయి తనేనంటున్నాడు. నిన్న ఇంకో ఇద్దరొచ్చి, కాదు మేమేనన్నారు. ఒక షవర్ క్యాప్‌కు ఇంతమంది యజమానులను నేనెప్పుడూ చూడలేదు."

పద్మజ తన హ్యాండ్‌బ్యాగులోంచి అలాంటిదే ఇంకొకటి తీసి బల్లమీద పెట్టింది. ఆవాలు నూనెలో పడితే ఏమవుతుందో చెప్పింది. ఇంగ్లీషులో అది చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. గరాజ్ తలుపు సంగతి చెప్పింది.

"మీ భర్తే కదా వీళ్ళకు సేఫ్టీ అడ్వైజర్? ఆయనకు తెలుసా?"

"తెలిస్తే పెట్టనిచ్చేవాడు కాదు. అందుకే చెప్పలేదు. ఈ అబ్బాయిని కూడా చెప్పనివ్వలేదు."

ఆవిడ ఆర్యన్‌వైపు తిరిగింది. "ఆ తరవాత నువ్వు దాన్ని చూశావా?"

అప్పటిదాకా వాడు చెప్పిందంతా అబద్ధమే. ఇప్పుడు వాడు టై ముడి వదులు చేసుకున్నాడు. "చూశాను. రోజూ మెట్లెక్కుతూ చూసేవాణ్ణి. ఆంటీ మళ్ళీ వంట చేయడానికి వస్తారు కదా అనుకున్నాను. తీస్తే, ఎందుకు తీశావంటే, అంకుల్‌కు చెప్పాల్సొస్తుందనుకున్నాను."

పద్మజ వాడివైపు చూసింది. ఆ మాట ఆమెకు కూడా కొత్తది. తన తప్పు తను ఒప్పుకుంటే వాడు పూర్తిగా బయటపడతాడనుకుని వచ్చింది. అలా జరగలేదు. చూసి వదిలేయడం వాడి తప్పే. కానీ అది వాడు మోయగలిగిన తప్పు.

బయట వరండాలో తేజేశ్వర్ నిలబడి ఉన్నాడు. ఆర్యన్ అతని ముందుకొచ్చి ఆగాడు.

"నేను రెండేళ్ళు చెప్పాను. మీ ఆంటీ ఒక్కసారి చెప్పింది" అన్నాడు తేజేశ్వర్. "ఎవరి మాట నిలబడిందో చూశావుగా."

"సారీ అంకుల్."

"ఆ సారీ ఒక్కటి మానెయ్. ఏమైనా తిన్నావా?"

వాణ్ణి యూనివర్సిటీనుంచి పంపలేదు. అలారం మూసినందుకు కాకుండా, చూసి చెప్పనందుకు శిక్ష వేశారు. ఏడాదిపాటు ప్రొబేషన్, ఫైర్ స్టేషన్‌లో కొన్ని శనివారాలు పని. ఆ సంగతి మెడికల్ కాలేజీ దరఖాస్తులో వాడు తనే రాయాల్సొచ్చింది. ఆ ఏడు సీటు రాలేదు. కుర్రాళ్ళు ఇల్లు పోగొట్టుకున్నారు. మానవ్ వాళ్ళు కేసు వేయలేదుగానీ, హాస్పిటల్ ఖర్చులో కొంత పద్మజావాళ్ళ ఇంటి ఇన్సూరెన్సే కట్టింది. ఫ్రటర్నిటీ హెడ్ ఆఫీసునుంచి తేజేశ్వర్‌కు ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలంటూ ఈమెయిల్ వచ్చింది. ఇక రానక్కర్లేదని దాని అర్థం. అతను దాన్ని చదివి, లాప్‌టాప్ మూసి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు గడ్డి కోశాడు. గడ్డి అంత పెరగలేదు.

భార్యను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఒకరోజు మాత్రం పొయ్యి పక్క సొరుగు తెరిచి, మిగిలిన టోపీలు చేతిలోకి తీసుకుని చూశాడు. ఒక్కొక్కటి ఏ ఊళ్ళో హోటలుదో పేర్లు చదివాడు. "నయాగరాది కూడా ఉందే" అన్నాడు. నవ్వాడో లేదో ఆమెకు వెనకనుంచి తెలియలేదు. అన్నీ చెత్తబుట్టలో వేశాడు.

ఆ తరవాత ఆదివారాలు ఇంట్లో తాలింపు వేసినప్పుడల్లా అలారం అరిచేది. మొదట్లో పద్మజ తువ్వాలు తీసుకుని కంగారుగా పరిగెత్తేది. తేజేశ్వర్ పేపరులోంచి తలెత్తకుండా అనేవాడు: "అరవనీ. దాని పని అది చేస్తోంది." కిటికీ తీసి కూర్చునేవారు. పొగ పలచబడ్డాక అదే ఊరుకునేది. పక్కింటావిడ ఒకసారి వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగింది. పప్పు చేస్తున్నామని చెప్పారు. కుర్రాళ్ళు అప్పుడప్పుడు భోజనానికి వచ్చేవారు. అడ్వైజరు కాకపోయినా ఆ వీకెండ్ ఏం చెడుతుందో చెప్పందే కంచం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఆర్యన్ రెండోసారి దరఖాస్తు చేసి సీటు తెచ్చుకున్నప్పుడు అందరికంటే ముందు ఇక్కడికే ఫోన్ చేశాడు.

ఆ తరవాత మూడో చలికాలం, ఫిబ్రవరిలో, ఆఫీసు పార్కింగులో కారుమీది మంచు గీకుతూ తేజేశ్వర్ అక్కడే పడిపోయాడు. పక్క కారులో ఉన్నతను నైన్ వన్ వన్‌కు ఫోన్ చేశాడు, వాళ్ళు తొందరగానే వచ్చారు. చేయవలసినవన్నీ చేశారు.

మైల రోజుల్లో వాళ్ళింట్లో తాలింపు వేయరు. ఉడికించిన పప్పు, తాలింపు లేని చారు, అంతే. ఇంట్లో వంట వాసన లేదు, అలారం చప్పుడు లేదు. శాంటా క్లారానుంచి వచ్చిన కౌస్తుభ్ ఏదో పోగొట్టుకున్నట్టు ఆ నిశ్శబ్దంలో గదులన్నీ తిరుగుతుండేవాడు.

మైల తీరిన రోజు చాలామంది వచ్చారు. పాత కుర్రాళ్ళు కూడా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. మానవ్ తల్లితో కలిసి వచ్చాడు. రష్మి నేరుగా వంటగదిలోకి వచ్చి పద్మజ పక్కన నిలబడి కొత్తిమీర తుంచసాగింది. పద్మజ మూకుడు పెట్టి నూనె పోసింది. ఇన్నాళ్ళకు మళ్ళీ తాలింపు. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి, అలారం ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది.

హాల్లో మాటలన్నీ ఆగిపోయాయి. గుమ్మం దగ్గరున్న ఆర్యన్ అలవాటుగా లోపలికి పరిగెత్తుకొచ్చి, తువ్వాలుకోసం చూశాడు.

"వద్దు నాన్నా. అరవనీ."

వాడు చేతులు దించేశాడు. కిటికీ మాత్రం పైకెత్తి, మళ్ళీ బయటికి వెళ్ళాడు. గుమ్మంలో వచ్చినవాళ్ళ జోళ్ళు కుప్పపడి ఉన్నాయి. కుర్రాళ్ళు వాటిని ఎత్తి గరాజ్‌లో వరసగా పెట్టబోతున్నారు. ఎవరో మీట నొక్కారు. గరాజ్ తలుపు గడగడమంటూ పైకి లేచింది.

పద్మజ చెయ్యి పైకి లేచింది. మడమలు కూడా నేలనుంచి లేచాయి. పైన అలారం ఎర్రగా మినుకుమినుకుమంటూ అరుస్తోంది. దానిమీద ఏ టోపీ లేదు. ఆమె చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది. రష్మి పొయ్యి తగ్గించింది.

తరవాత పద్మజ చెయ్యి దించుకుని, మూకుడు పట్టుకారుతో పట్టుకుని, తాలింపును పప్పులో పోసింది.